కొమురవ్వ చెప్పలేని పేరు

ఎర్రగట్టు అని ఒకానొక రాజ్యం ఉండేది. పెద్దదేమీ కాదు. పొద్దున గుర్రమెక్కినవాడు పొద్దుగూకేలోపు ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేరకు చేరుకోగలడు. దాన్ని జగ్గభూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తన గొప్పకు ఇసుమంత తక్కువైనా ఓర్చుకునేవాడు కాదు.

ఒకసారి పొరుగు రాజ్యపు దూత వచ్చి, మాటల్లో మాటగా, మీ కోటకు మెట్లెన్ని అని అడిగాడు. మంత్రి తెలియదన్నాడు. దూత మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆ నవ్వు జగ్గభూపతికి ముల్లులా దిగింది. మర్నాడే దండోరా వేయించాడు. ఇకమీదట తన కొలువులో ‘తెలియదు’ అనే మాట వినబడకూడదు. అన్నవాడు ఆ పూటే కొలువు వదిలి పోవాలి.

దాంతో ఎర్రగట్టు కొలువులో అందరికీ అన్నీ తెలిసిపోయాయి. గుర్రం ఎందుకు కుంటుతోందని రాజు అడిగితే, ఏలినవారికి వంగి దండం పెడుతోందని చెప్పాడు గుర్రపుశాల అధికారి. వాన ఎప్పుడు పడుతుందంటే జ్యోతిష్కుడు తిథీ ఘడియా చెప్పేవాడు. పడకపోతే, చెప్పిన వేళకే పడింది గానీ పక్క రాజ్యంలో పడిందనేవాడు. మంత్రి అయితే కోట మెట్లు నాలుగువందల పన్నెండని ఒకరోజు, నాలుగువందల ముప్పై అని ఇంకోరోజు చెప్పేవాడు. లెక్కపెట్టి చూసినవాడు లేడు.

రాజు పక్కనే అడపం పట్టుకుని నిలబడేవాడు పేరన్న. అడపమంటే తాంబూలపు సంచి. రాజు చెయ్యి చాపగానే ఆకూ వక్కా సున్నం సిద్ధంగా ఉంచడం అతని పని. ఎవరికి కోపం వచ్చిందో, ఎవరు అబద్ధమాడుతున్నారో అందరికన్నా ముందు కనిపెట్టేవాడు. తనకు తెలియని సంగతి రాజు అడిగితే మాత్రం చటుక్కున ఒక ఆకు చుట్టి బుగ్గన పెట్టుకుని, నోరు నిండుగా ఉందని సైగ చేసేవాడు. దండోరా వేసి ఆరు నెలలయింది. పేరన్న పళ్లు ఎర్రగా పండిపోయాయి.

ఆ ఏడు వానలు మొదలైన రెండు నెలలకు, ఒక సాయంత్రం జగ్గభూపతి పరివారంతో కోటగోడ మీద షికారు చేస్తున్నాడు. గోడ కింద కురుమవాళ్ల వీధి. ఆ వీధిలో గోడకు ఆనుకుని ఉన్న పెరట్లో, పెంటకుప్ప పక్కన ఒక తీగ మొలిచి, కోట రాళ్లను పట్టుకుని నిలువెత్తు పైకి పాకింది. రాజు చూస్తుండగానే దాని మొగ్గలు ఒకటొకటిగా విచ్చుకుని, పచ్చటి పూలై నిలిచాయి.

లోకంలో పూలన్నీ పొద్దున పూస్తే ఇది పొద్దుగూకే వేళ పూయడమేమిటని రాజు ఆశ్చర్యపోయాడు. అదేం మొక్క అని అడిగాడు.

పేరన్న చెయ్యి అడపంలోకి వెళ్లింది. ఏదో పాదు అని అతనికి తోచింది గానీ, అంత ఎత్తు నుంచి ఏ పాదో పోల్చుకోలేకపోయాడు.

పక్కనే ఉన్న విరూపాక్ష భట్టుకు తప్పించుకునే దారి లేదు. ఆయన ఆస్థాన వైద్యుడు. ‘ఓషధీ సార్వభౌమ’ అని రాజు ఇచ్చిన బిరుదు కూడా ఉంది. వేళ్లూ బెరళ్లూ ఎండి, మూటల్లో అంగడి నుంచి వచ్చాక ఏది ఏదో ఆయన చెప్పగలడు. మట్టిలో పచ్చగా నిలబడి ఉన్న మొక్క దగ్గరికి ఆయన ఎన్నడూ పోయినవాడు కాదు. అయినా ‘సార్వభౌమ’ అనిపించుకున్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. గొంతు సవరించుకుని, అది సంధ్యాలత అన్నాడు. దేవతల తోటలో తప్ప పెరగదన్నాడు. దాని ఫలం తిన్న రాజు నూరేళ్లు చెక్కుచెదరకుండా రాజ్యమేలుతాడన్నాడు. మామూలు మనుషుల చెయ్యి తగిలితే శక్తి పోతుందని కూడా చేర్చాడు.

నూరేళ్లు అన్న మాట చెవిన పడ్డాక జగ్గభూపతికి ఇంకేమీ వినిపించలేదు. ఆ ఇల్లూ పెరడూ కోటలో కలిపేయాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ ఇల్లు కొమురవ్వది. ఉన్ని వడికి బతికే మనిషి. ఆమె భర్త వానలు మొదలవగానే గొర్రెల మందను తోలుకుని అడవి మేతకు వెళ్లాడు, దీపావళి దాటితే గానీ తిరిగిరాడు. ఆమె సంత నుంచి ఇంటికి వచ్చేసరికి పెరట్లో నలుగురు భటులు ఈటెలు పట్టుకుని కాపలా కాస్తున్నారు. వంగనారు మడి వాళ్ల కాళ్ల కింద నలిగిపోయి ఉంది. మర్నాడు కొలువుకు రమ్మని పిలుపు.

కొలువులో రాజు ఆమెను, ఆ దివ్యలతను నాటింది ఎవరని అడిగాడు.

“ఎవరూ నాటలేదు దొరా. పెంటకుప్పలోంచి దానంతట అదే మొలిచింది.”

“దాని పేరు నీకు తెలుసా?”

“తెలుసు.”

“చెప్పు మరి.”

కొమురవ్వ తల వంచుకుంది. “ఆ పేరు నా నోట రాకూడదు” అంది.

సభలో గుసగుసలు మొదలయ్యాయి. పోనీ దాని ఆనవాలు చెప్పమన్నాడు రాజు. గీతల కాయ కాస్తుందని, తాము కూర వండుకుంటామని చెప్పింది కొమురవ్వ.

భట్టుకు ప్రాణం లేచివచ్చింది. “విన్నారా ప్రభూ? గీతల కాయ అంటే రేఖాఫలం! శాస్త్రంలో ఉన్నదే. ఇక పేరు నోట రాకూడదంటోందంటే, అది మంత్రనామమన్నమాట. ఈమెకు ఏ సిద్ధుడో చెవిలో చెప్పి ఉంటాడు. తెలివితక్కువది కనుక అంతటి ఫలాన్ని కూర వండుకుంటోంది.”

“సిద్ధుడూ లేడు, గిద్ధుడూ లేడు అయ్యగారూ. ఊరంతా అనే పేరే అది” అంది కొమురవ్వ.

“ఊరంతా అనేదాన్ని నువ్వెందుకు అనవు?” అన్నాడు రాజు.

ఆమె మళ్లీ తల వంచుకుంది.

జగ్గభూపతికి కోపం వచ్చింది. శుక్రవారం నాటి కొలువుకు మళ్లీ రావాలనీ, అప్పుడు పేరు చెబితే ఇల్లు ఆమెదేననీ, చెప్పకపోతే ఆ పూటే సామాను సర్దుకుని కోట పొలిమేర దాటి పోవాలనీ తీర్పు చెప్పాడు. ఆ రోజు మంగళవారం.

పేరన్న ఇదంతా వింటూ ఆకులకు సున్నం రాస్తున్నాడు. నోట రాకూడదన్న మాట దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఆ మాట వెనక ఏముందో కొలువులో ఇంకెవరికీ తట్టకపోయినా అతనికి తట్టక తప్పదు. ఎందుకంటే అతని ఇల్లాలు పెళ్లయిన ఇరవై ఏళ్లలో ‘పేరు’ అన్న మాటే పలికి ఎరగదు. కొత్తవాళ్లు ఇంటికి వస్తే, నిన్ను ఏమని పిలుస్తారమ్మా అని అడుగుతుంది గానీ, నీ పేరేమిటని అడగదు. నేతిని మరిగించి పేరుకోనివ్వమని చెప్పాల్సి వస్తే, గడ్డ కట్టనివ్వమంటుంది.

ఆ సాయంత్రమే అతను కురుమవాళ్ల వీధికి వెళ్లాడు. కొమురవ్వను అడగలేదు. వీధి మొదట్లో కంబళి మడత పెడుతున్న ముసలమ్మను, ఆ గోడ పక్క ఇంటి యజమాని ఎవరని అడిగాడు. బీరయ్య అని చెప్పింది ముసలమ్మ. పేరన్న అక్కడే నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నూరేళ్ల ఆయుష్షు ఇచ్చే సంధ్యాలత బీరపాదు.

తర్వాత వెళ్లి కొమురవ్వ అరుగు మీద కూర్చున్నాడు. పెరట్లో భట్టు మనుషులు అప్పుడే విచ్చుకున్న పూలన్నీ తెంపి పళ్లెంలో వేసుకుంటున్నారు. రాజుగారికి లేహ్యం నూరడానికట. పూసిన పువ్వు పూసినట్టే తెంపుతుంటే ఒక్క పిందె కూడా ఎలా నిలుస్తుందని కొమురవ్వ అలా చూస్తూ కూర్చుంది. ఒక్క కాయ కాసి ఉంటే, దాన్ని తీసుకెళ్లి రాజు ముందు పెట్టి ఉండేది. సంతలో కొన్న కాయ చూపిస్తే, అది ఈ తీగదేనని ఎవరు నమ్ముతారు?

“అవ్వా, ఆ ఒక్క మాట అనేస్తే ఇల్లు నిలుస్తుంది కదా” అన్నాడు పేరన్న.

“మనిషి అడవిలో ఉన్నాడయ్యా. పులులు తిరిగే చోటు. నా నోటితో నేను పేరు తీసి, ఆయనకేదన్నా అయితే ఈ గోడలను పట్టుకుని బతకనా?” అంది ఆమె. “ఇల్లు పోతే పోనీ. కానీ ఆయన తిరిగొచ్చి, గుమ్మంలో భటులను చూసి, మనదే కదా అని లోపలికి పోబోతే వాళ్లు ఊరుకుంటారా? అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.”

పేరన్నకు నవ్వు పోయింది.

వెంటనే పోయి రాజుతో అది బీర అని చెప్పవచ్చు. కానీ నూరేళ్లు చేతికందాయనుకుంటున్న మనిషి తాంబూలం చుట్టేవాడి మాట విని వాటిని వదులుకోడు. పైగా భట్టు ఇంకో సంస్కృతం మాట పట్టుకొస్తాడు. ఎవరో చెబితే రాజుకు నచ్చదు, తనంతట తానే కనిపెట్టినట్టు ఉండాలి. అతని కొలువులో పదిహేనేళ్లుగా ఆకులు చుడుతున్న పేరన్నకు ఆ సంగతి బాగా తెలుసు.

శుక్రవారం వచ్చింది. శుక్రవారం కొలువుకు మహారాణి కూడా వచ్చి తెర వెనుక కూర్చోవడం ఆనవాయితీ. కొమురవ్వ చిన్న మూటతో సహా వచ్చింది. అంటే పేరు చెప్పదలుచుకోలేదని చూసినవాళ్లకు అర్థమైంది.

రాజు అడిగాడు. ఆమె మొన్నటి మాటే చెప్పింది. రాజు భటులవైపు చూశాడు.

అప్పుడు పేరన్న అడపం కింద పెట్టి, రెండడుగులు ముందుకు వచ్చి నమస్కరించాడు.

“ప్రభూ, చిన్న సందేహం. కొలువులో అడిగిన పేరు తెలిసీ చెప్పని ఆడమనిషి ఇల్లు వదిలి పోవాలని కదా ఆజ్ఞ? ఇది ఈ కొమురవ్వకేనా, అందరికీనా?”

జగ్గభూపతి సింహాసనంలో నిటారుగా కూర్చున్నాడు. “నా ఆజ్ఞకు అంతఃపురమూ ఒకటే, గొర్రెల దొడ్డీ ఒకటే.”

“అయితే సెలవిస్తే తెర వెనుక ఉన్న మహారాణిగారిని నేనూ ఒక్క పేరు అడుగుతాను. కష్టమైనది కాదు, ఈ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిందే.”

పిల్లలకు కూడా తెలిసింది మహారాణికి తెలియదా అనుకుని రాజు చెయ్యి ఊపాడు.

పేరన్న తెరవైపు తిరిగి చేతులు జోడించాడు. “అమ్మా, ఈ ఎర్రగట్టును ఏలే ప్రభువు పేరేమిటో ఈ సభకు ఒక్కసారి సెలవివ్వండి.”

తెర వెనుక గాజులు కదిలాయి. అంతకుమించి ఏమీ వినబడలేదు. మంత్రి దగ్గబోయి ఆపుకున్నాడు. రాజు మెడ తిప్పి తెరవైపు చూశాడు. చెప్పమన్నాడు. ఇంకాసేపు గాజులే కదిలాయి. పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఆ పేరు పలకలేదు, నలుగురి ముందు ఎలా పలుకుతుంది? తెలియదందామంటే ఆ మాట మీద దండోరా ఉంది.

చివరికి లోపలి నుంచి నెమ్మదిగా మాట వచ్చింది. “తెలుసు. ఆ పేరు నా నోట రాకూడదు.”

పేరన్న భట్టువైపు తిరిగాడు. “భట్టుగారూ, మహారాణిగారు కూడా ఏదో మంత్రనామం దాస్తున్నట్టున్నారు. అమ్మగారికి ఏ సిద్ధుడు చెవిలో చెప్పాడంటారు?”

భట్టు అవునంటే తల ఉండదు, కాదంటే బిరుదు ఉండదు.

ఆజ్ఞ ప్రకారం మహారాణి అంతఃపురం వదిలి పోవాలి. జగ్గభూపతి తెరవంక చూశాడు, మూట పట్టుకుని నిలబడిన కొమురవ్వ వంక చూశాడు, మళ్లీ తెరవంక చూశాడు. అతని కనుబొమలు పైకి లేచాయి.

“ఆగాగు” అన్నాడు. “ఏమమ్మా, మీ ఇంటాయన ఉన్నాడా?”

“నిక్షేపంగా ఉన్నాడు దొరా. మంద తోలుకుని అడవికి పోయిండు.”

“ఆయన పేరు...” అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు రాజు. సభలో కురుమవాళ్ల వీధివాళ్లు ఎవరున్నారని అడిగాడు. వాకిట్లో కాపలా ఉన్న ఓదెలు అనే భటుడు ముందుకొచ్చి, ఆమె తన పక్కింటామేనని ఒప్పుకున్నాడు. ఈమె భర్త పేరేమిటని రాజు అడిగాడు.

“బీరయ్య, ప్రభూ.”

జగ్గభూపతి ఆ పేరును ఒకసారి పైకి, ఒకసారి లోపల అనుకున్నాడు. గీతల కాయ, కూర వండుకునే కాయ, బీరయ్య. రాజు మొహం ఎర్రబడింది. అది కోపమో నవ్వో అప్పటికింకా ఎవరికీ తేలలేదు.

భట్టు ఆ సందులోనే దూరాడు. “అవును ప్రభూ, నేను చెప్పిందీ అదే. సంధ్యాలత అన్నది దేవభాషలో మాట. దేశభాషలో దాన్నే బీర అంటారు.”

“అట్లాగా” అన్నాడు పేరన్న. “అయితే ప్రభూ, మన సంతలో నూరేళ్ల ఆయుష్షును తట్టల్లో పోసి అమ్ముతున్నారు. మొన్న బుధవారం మీ వంటశాలకు కూడా వచ్చింది, పప్పులో వేశారు. ఇప్పుడు ఆ పాదులున్న పెరళ్లన్నీ కోటలో కలపాలా, ఈ అవ్వ ఇల్లొక్కటీ చాలా?”

ముందు తెర వెనుక నుంచి కిసుక్కుమని వినిపించింది. అది విని రాజు ఇక ఆపుకోలేకపోయాడు. పొట్ట ఊగిపోయేటట్టు నవ్వాడు. అప్పుడు సభంతా నవ్వింది. కొమురవ్వ ఒక్కతే నవ్వలేదు. ఇల్లు నిలిచిందో లేదో ఎవరూ ఇంకా చెప్పలేదు.

రాజు కళ్లు తుడుచుకుని భట్టును పిలిచాడు. “భట్టూ, ఆ సాయంత్రం నేను గోడ మీద నుంచి చూపించినప్పుడు, అదేమిటో నీకు నిజంగా తెలుసా? భయపడకు. ఏది చెప్పినా ఈ పూటకు తప్పు లేదు.”

భట్టు తన కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. “తెలియదు ప్రభూ.”

ఆరు నెలలుగా వినబడని ఆ మాట ఆ సభలో పడింది. పైకప్పు కూలలేదు. మంత్రి మెల్లగా లేచి, కోట మెట్లు ఎన్నో తనకూ తెలియదని, వీలైతే రేపు లెక్కపెట్టి వస్తానని విన్నవించుకున్నాడు. జ్యోతిష్కుడు మాత్రం లేవలేదు.

దండోరా ఆ క్షణమే రద్దయింది. ఇల్లూ పెరడూ కొమురవ్వవేనని, వాటి జోలికి ఇకమీదట కోట నుంచి ఎవరూ పోకూడదని రాజు చెప్పాడు. ఇంకేమైనా కావాలా అని కూడా అడిగాడు.

“పాదుకు పందిరి లేదు దొరా, గోడను పట్టుకుని ఎన్నాళ్లు పోతుంది? మీ భటులు కర్రలు పాతి పోతే చాలు. ఆ పూలు తెంపొద్దని చెప్పండి. ఇంకొకటి, నా వంగనారు అంతా తొక్కేసిన్రు. మళ్లీ పెట్టించండి.”

రాజు మళ్లీ నవ్వాడు. పందిరి పని భటులకు, నారు పని ఓషధీ సార్వభౌముడికి అప్పగించాడు. సరిగ్గా జరిగిందో లేదో చూసి రమ్మని పేరన్నను వెంట పంపాడు.

పేరన్న అరుగు మీద కూర్చుని చూశాడు. భట్టు పట్టుపంచె ఎగ్గట్టి మడిలో గొంతుక్కూర్చున్నాడు. నాలుగు మొక్కలు పెట్టాక, ఇదేమిటమ్మా అని అడిగాడు. వంగ అని చెప్పింది కొమురవ్వ. పక్కది మిరప అంది. అవతలిది పొన్నగంటి, కళ్లకు మంచిది అంది. భట్టు ముప్పై ఏళ్లుగా పొన్నగంటి గుణాలు శ్లోకంగా అప్పజెబుతున్నాడు. దాన్ని పచ్చగా చూడటం ఇదే మొదలు. ఒక ఆకు తుంచి, వాసన చూసి, తలపాగాలో దోపుకున్నాడు. కంచె మీద మెత్తటి నూగుతో ముద్దుగా వేలాడుతున్న కాయలు చూసి చెయ్యి చాపబోయి, మధ్యలో ఆగి, ఇదేమిటని అడిగాడు.

“దూలగొండి అయ్యగారూ. ముట్టుకుంటే మూడు రోజులు గోక్కోవాలి.”

భట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం పేరన్న వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కంచె దాకా వచ్చేసరికి రాజు ముందుకు వంగాడు.

“నిజంగా ముట్టుకోలేదా?”

“లేదు ప్రభూ. అడిగాడు.”

జగ్గభూపతి ఆ మాటకు పొద్దుటికన్నా ఎక్కువగా నవ్వి, తన చేతి బంగారు కంకణం తీసి పేరన్న చేతికి తొడిగాడు. మహారాణి తన వంతుగా పేరన్న ఇల్లాలికి పట్టుచీర పంపింది. మరి భట్టుకేమీ లేదా ప్రభూ అని మంత్రి అడిగాడు.

“మూడు రోజుల గోకుడు తప్పింది కదయ్యా, అంతకన్నా ఏమివ్వను?” అన్నాడు రాజు.